ఐ-లీగ్: ఎక్కడానికి మెట్లున్నాయి, దిగేవారే లేరు

ఐ-లీగ్ భారత పురుషుల ఫుట్‌బాల్‌లో రెండో శ్రేణి జాతీయ లీగ్. దీనికి పైన ఇండియన్ సూపర్ లీగ్ ఉంది. క్లుప్తంగా ఐఎస్‌ఎల్. కింద ఐ-లీగ్ 2, ఐ-లీగ్ 3, ఆ కింద రాష్ట్రాల లీగ్‌లు ఉన్నాయి. 2007లో మొదలైనప్పుడు మాత్రం దేశంలో అగ్రశ్రేణి లీగ్ ఇదే. మైదానంలో ఓడిపోయి కింది మెట్టుకు రాలేదు. దాని పక్కనే మరో లీగ్ పుట్టింది, డబ్బుతో పెరిగింది, చివరికి దాని స్థానాన్ని తీసుకుంది.

ప్రపంచంలో చాలా దేశాల్లో రెండో శ్రేణికి ఒక స్పష్టమైన పని ఉంటుంది. అక్కడ గెలిచిన జట్టు పైకి వెళ్తుంది. పై లీగ్‌లో అడుగున నిలిచిన జట్టు అక్కడికి దిగుతుంది. మొదటిది ప్రమోషన్, రెండోది రెలిగేషన్. భారత్‌లో మొదటిది 2023లో మొదలైంది. రెండోది 2024-25 సీజన్ ముగిసేనాటికి కూడా మొదలుకాలేదు. ఐ-లీగ్ క్లబ్‌ల కష్టాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

ఎలా పుట్టింది?

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్‌ఎఫ్) 1996లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌ను ప్రారంభించింది. తొలి విజేత పంజాబ్‌లోని ఫగ్వారాకు చెందిన జేసీటీ మిల్స్. ఆ లీగ్‌నే 2007లో కొత్త పేరుతో, పది జట్లతో ఐ-లీగ్‌గా మార్చారు. తొలి టైటిల్ గోవా క్లబ్ డెంపో గెలిచింది.

అప్పటి క్లబ్‌లు రెండు రకాలు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ లాంటివి దశాబ్దాల అభిమానుల బలం ఉన్నవి. జేసీటీ, మహీంద్రా యునైటెడ్ లాంటివి కంపెనీల జట్లు. టీవీ ఆదాయం, టికెట్ల రాబడి అంతంతమాత్రం కావడంతో కంపెనీ జట్లకు యజమాని ఆసక్తే ఆయుష్షు. మహీంద్రా యునైటెడ్ 2010లో, జేసీటీ 2011లో మూతపడ్డాయి.

పక్కకు జరిగిన తీరు

2010 డిసెంబరు 9న ఏఐఎఫ్‌ఎఫ్ తన వాణిజ్య హక్కులను 15 ఏళ్లపాటు ఐఎంజీ-రిలయన్స్‌కు అప్పగించింది. ఒప్పందం విలువ రూ.700 కోట్లు. దాని ఫలితమే 2014 అక్టోబరు 12న మొదలైన ఐఎస్‌ఎల్. క్రికెట్‌లోని ఐపీఎల్ తరహాలో నగరాల పేర్లతో ఎనిమిది ఫ్రాంచైజీలు, సినిమా, క్రికెట్ తారల వాటాలు, పేరున్న విదేశీ ఆటగాళ్లు. మొదట్లో ఇది రెండు, మూడు నెలల పోటీ మాత్రమే. ఐ-లీగ్ క్లబ్‌ల ఆటగాళ్లే అప్పుపై వెళ్లి అందులో ఆడి, తిరిగి వచ్చి ఐ-లీగ్ ఆడేవారు.

ఈ ఏర్పాటు ఎక్కువ కాలం నిలవలేదు. దేశీయ ఫుట్‌బాల్‌లో తమ స్థానం ఏమవుతుందోనన్న అసంతృప్తితో 2016లో గోవా క్లబ్‌లు సాల్‌గావ్‌కర్, స్పోర్టింగ్ క్లబ్ డి గోవా, డెంపో జాతీయ లీగ్ నుంచి తప్పుకున్నాయి. 2017-18లో రెండు లీగ్‌లూ ఒకే కాలంలో జరిగాయి. అప్పటికే రెండుసార్లు ఐ-లీగ్ గెలిచిన బెంగళూరు ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్‌కు మారింది. 2019 అక్టోబరులో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఎఫ్‌సీ) సమక్షంలో ఖరారైన రోడ్‌మ్యాప్ ఐఎస్‌ఎల్‌ను అధికారికంగా మొదటి శ్రేణిగా గుర్తించింది. మరుసటి ఏడాదే మోహన్ బగాన్ ఐఎస్‌ఎల్ ఫ్రాంచైజీ ఏటీకేతో విలీనమైంది. ఈస్ట్ బెంగాల్ కూడా చేరింది. దాంతో దేశంలో అత్యధిక అభిమానులున్న డెర్బీ ఐ-లీగ్ చేజారింది.

ఐజ్వాల్ కథ ఎందుకు ముఖ్యం?

ఐ-లీగ్ ఏం చేయగలదో తెలియాలంటే మిజోరంలోని ఐజ్వాల్ ఎఫ్‌సీని చూడాలి. 2015-16లో ఆ క్లబ్ కింది శ్రేణికి పడిపోయింది. గోవా క్లబ్‌లు తప్పుకోవడంతో ఖాళీలు ఏర్పడి మళ్లీ అవకాశం దక్కింది. కోచ్ ఖలీద్ జమీల్ నేతృత్వంలో మరుసటి సీజన్‌లోనే మోహన్ బగాన్‌ను ఒక్క పాయింటు తేడాతో వెనక్కి నెట్టి ఛాంపియన్ అయింది. ఈశాన్య రాష్ట్రాల నుంచి జాతీయ లీగ్ గెలిచిన తొలి క్లబ్ అదే. అదే ఖలీద్ జమీల్ 2025 ఆగస్టులో భారత జాతీయ జట్టు కోచ్ అయ్యారు.

కానీ ఆ విజయం ఐజ్వాల్‌కు ఐఎస్‌ఎల్‌లో చోటు ఇవ్వలేదు. పై లీగ్‌లోకి అప్పట్లో దారి డబ్బుతోనే తప్ప ఆటతో లేదు. ఆ తర్వాతి ఏళ్లలోనూ ఐ-లీగ్ ఛాంపియన్లు కొత్త కొత్త ఊళ్ల నుంచి వచ్చారు. 2017-18లో మినర్వా పంజాబ్, 2018-19లో చెన్నై సిటీ, 2020-21, 2021-22ల్లో వరుసగా గోకులం కేరళ గెలిచాయి. 2018-19లో చేరిన రియల్ కశ్మీర్ శ్రీనగర్‌కు జాతీయ లీగ్ మ్యాచ్‌లు తెచ్చింది.

రెండో శ్రేణి అంటే నాసిరకం అనుకునేవారికి 2022 మే 18 నాటి మ్యాచ్ ఒక సమాధానం. ఏఎఫ్‌సీ కప్‌లో ఐ-లీగ్ విజేత గోకులం కేరళ, కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో ఏటీకే మోహన్ బగాన్‌ను 4-2తో ఓడించింది. పై లీగ్ జట్టుకు బడ్జెట్ ఎక్కువ, సొంత మైదానం, సొంత ప్రేక్షకులు. అయినా ఓడింది.

తలుపు తెరుచుకుంది, ఒక వైపే

2019 రోడ్‌మ్యాప్ ప్రకారం 2022-23, 2023-24 సీజన్లలో ఐ-లీగ్ విజేత ప్రవేశ రుసుము లేకుండా ఐఎస్‌ఎల్‌కు వెళ్తుంది. ఆ రెండేళ్లు రెలిగేషన్ ఉండదు. 2024-25 నుంచి ప్రమోషన్, రెలిగేషన్ రెండూ పూర్తిగా అమలు కావాలి.

మొదటి భాగం జరిగింది. 2022-23 విజేత రౌండ్‌గ్లాస్ పంజాబ్, పంజాబ్ ఎఫ్‌సీ పేరుతో పైకి వెళ్లింది. ఆట ద్వారా ఐఎస్‌ఎల్ చేరిన తొలి జట్టు అదే. 2023-24లో కోల్‌కతాకు చెందిన, 1891లో పుట్టిన మహమ్మడన్ స్పోర్టింగ్ గెలిచి వెళ్లింది. రెండో భాగం జరగలేదు. 2024-25 ఐఎస్‌ఎల్‌లో 13 జట్లలో అట్టడుగున నిలిచింది అదే మహమ్మడన్. అయినా కిందికి దిగలేదు.

ఫలితం లెక్కల్లోనే కనిపిస్తుంది. ఐఎస్‌ఎల్ జట్లు 2022-23లో 11, తర్వాత 12, ఆ తర్వాత 13. ఏడాదికొకటి పెరిగాయి, ఒక్కటీ తగ్గలేదు. ఐ-లీగ్‌కు మాత్రం రెండు వైపులా నష్టమే. విజేతను పైకి పంపుతుంది, పైనుంచి ఎవరూ రారు. తన అడుగు జట్లను మాత్రం కిందికి దించుతుంది. 2024-25లో 12 జట్లు ఆడాయి. ఢిల్లీ ఎఫ్‌సీ, స్పోర్టింగ్ క్లబ్ బెంగళూరు దిగిపోయాయి. ఐ-లీగ్ 2 నుంచి డైమండ్ హార్బర్, చన్మారి ఎక్కాయి. విజేత వెళ్లిపోగా మిగిలినవి 11.

అంటే ఐ-లీగ్ క్లబ్ యజమానికి పడిపోయే ప్రమాదం ప్రతి ఏటా ఉంది, ఐఎస్‌ఎల్ యజమానికి లేదు. పెట్టుబడి పెట్టేవాడు ఈ తేడాను చూడకుండా ఉండడు.

ఒక్క మ్యాచ్ చుట్టూ తిరిగిన టైటిల్

పైకి వెళ్లే చోటు ఒక్కటే అయినప్పుడు ఒక్కో పాయింటు విలువ ఎంతో 2024-25 చూపింది. సీజన్ ఏప్రిల్‌లో ముగిసేసరికి గోవాకు చెందిన చర్చిల్ బ్రదర్స్‌కు 40 పాయింట్లు, వారణాసి పేరుతో 2023లో వచ్చిన ఇంటర్ కాశీకి 39. అయితే జనవరి 13న నామ్‌ధారీ చేతిలో ఇంటర్ కాశీ ఓడిన మ్యాచ్ వివాదంలో ఉంది. నామ్‌ధారీ అర్హత లేని ఆటగాడిని దించిందన్నది ఫిర్యాదు. ఏఐఎఫ్‌ఎఫ్ క్రమశిక్షణ కమిటీ ఇంటర్ కాశీకి అనుకూలంగా తీర్పు ఇచ్చింది. అప్పీళ్ల కమిటీ దాన్ని తిరగరాసింది. చర్చిల్‌ను విజేతగా ప్రకటించారు.

ఇంటర్ కాశీ స్విట్జర్లాండ్ లాసాన్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం ‘కాస్’కు వెళ్లింది. అక్కడి స్టే ఉండగానే చర్చిల్‌కు ట్రోఫీ అందింది. జూన్‌లో నామ్‌ధారీ కేసు, జులై 18న స్పెయిన్ ఆటగాడు మారియో బార్కో రిజిస్ట్రేషన్ కేసు, రెండింటిలోనూ కాస్ ఇంటర్ కాశీ వైపే మొగ్గింది. 42 పాయింట్లతో ఆ క్లబ్ ఛాంపియన్ అయింది. ఆఖరి మ్యాచ్ అయిపోయిన మూడు నెలలకు గానీ విజేత ఎవరో తేలలేదు.

తెలుగు నేలతో సంబంధం

ఈ కథలో తెలుగు రాష్ట్రాల వాటా చిన్నదే కానీ గుర్తుంచుకోదగ్గది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం సాధించిపెట్టిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ. ఆ తర్వాత దశాబ్దాలపాటు జాతీయ లీగ్‌లలో మన నగరాల ఊసే తక్కువ.

2020లో ఏఐఎఫ్‌ఎఫ్ బిడ్డింగ్‌లో విశాఖపట్నం పేరు మీద శ్రీనిధి విద్యాసంస్థ ఐ-లీగ్‌లో చోటు సంపాదించింది. 2021-22లో శ్రీనిధి డెక్కన్‌గా బరిలోకి దిగింది. హైదరాబాద్ శివార్లలోని డెక్కన్ అరీనా సొంత మైదానం. తొలి ఏడాది మూడో స్థానం. ఆ తర్వాత వరుసగా రెండేళ్లు రెండో స్థానం. పైకి ఒక్క జట్టుకే చోటున్న ఏర్పాటులో రెండో స్థానానికి దక్కేది ఏమీ లేదు. ఇంగ్లండ్ రెండో శ్రేణిలో అయితే రెండో జట్టు కూడా నేరుగా పైకి వెళ్తుంది.

దీనికి భిన్నమైన కథ హైదరాబాద్ ఎఫ్‌సీది. 2019లో పుణె ఫ్రాంచైజీ స్థానంలో నేరుగా ఐఎస్‌ఎల్‌లోకి వచ్చింది, 2021-22లో టైటిల్ గెలిచింది, ఆర్థికంగా చితికిపోయింది. చివరికి 2025లో ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఓడిపోయి కిందికి దిగిన క్లబ్ ఆ ఊళ్లోనే ఉంటుంది, మళ్లీ ఎక్కవచ్చు. తరలిపోయిన ఫ్రాంచైజీ అభిమానికి ఏమీ మిగల్చదు.

యజమానుల వాదన, జపాన్ అనుభవం

ఐఎస్‌ఎల్ యజమానుల వాదనను కొట్టిపారేయలేం. ఫ్రాంచైజీ రుసుము కట్టి, ఏటా నష్టాలు భరిస్తూ జట్లను నడిపారు. కిందికి దిగితే స్పాన్సర్లు, ప్రసార వాటా పోతాయి. తిరిగి లేవగలమన్న నమ్మకం లేదు. ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్ నుంచి దిగిన జట్లకు ఈ దెబ్బ తగ్గించడానికే కొన్నేళ్లపాటు పారాచూట్ పేమెంట్లు ఇస్తారు. మన దగ్గర అలాంటి నిధికి ఆధారమే లేదు. మరోవైపు స్టేడియం, యువజట్లు, ఆర్థిక పత్రాల విషయంలో ఏఎఫ్‌సీ లైసెన్సింగ్ ప్రమాణాలు అందుకోవడం చాలా ఐ-లీగ్ క్లబ్‌లకూ భారమే.

అయినా ఈ చిక్కు ముడి విప్పిన దేశాలు ఆసియాలోనే ఉన్నాయి. జపాన్ జె-లీగ్ 1993లో పది క్లబ్‌లతో, రెలిగేషన్ లేకుండానే మొదలైంది. పునాది గట్టిపడే వరకు రక్షణ ఇచ్చి, 1999లో రెండో శ్రేణి జె2ను ప్రారంభించి రెండు వైపులా తలుపులు తెరిచింది. ఆరేళ్లు పట్టింది. ఐఎస్‌ఎల్ 2024-25లో తన పదకొండో సీజన్ పూర్తి చేసుకుంది.

ఇప్పుడు ఏం మారుతుంది?

2025లో రెండు పరిణామాలు దాదాపు ఒకేసారి వచ్చాయి. ఒకటి, 2010 నాటి వాణిజ్య ఒప్పందం డిసెంబరు 8న ముగిసింది. అంతకుముందే జులైలో ఐఎస్‌ఎల్ నిర్వాహకులు కొత్త సీజన్‌ను నిలిపివేశారు. కొత్త హక్కుల కోసం ఏఐఎఫ్‌ఎఫ్ పిలిచిన టెండరుకు నవంబరు గడువులోగా ఒక్క బిడ్ కూడా రాలేదు. చివరికి 2026 జనవరి 6న కేంద్ర క్రీడల మంత్రి మన్‌సుఖ్ మాండవీయ షెడ్యూలు ప్రకటించారు. ఫిబ్రవరి 14 నుంచి 14 జట్లతో 91 మ్యాచ్‌ల ఐఎస్‌ఎల్, 11 జట్లతో 55 మ్యాచ్‌ల ఐ-లీగ్. గత సీజన్‌లో ఒక్కో ఐ-లీగ్ జట్టు 22 మ్యాచ్‌లు ఆడితే, ఈ లెక్కన పదే.

రెండోది దీర్ఘకాలంలో పెద్దది. సెప్టెంబరు 19న సుప్రీంకోర్టు ఏఐఎఫ్‌ఎఫ్ కొత్త నియమావళిని ఆమోదించింది. ముసాయిదా రాసింది ఆంధ్రప్రదేశ్‌కు చెందిన మాజీ న్యాయమూర్తి ఎల్.నాగేశ్వరరావు. తీర్పు ఇచ్చిన ధర్మాసనానికి జస్టిస్ పి.ఎస్.నరసింహ నేతృత్వం వహించారు. అగ్రశ్రేణి లీగ్ అంటే ప్రమోషన్, రెలిగేషన్ అమలు చేసే లీగ్ అన్నది ఆ నియమావళిలోని నిర్వచనం. అప్పటిదాకా రోడ్‌మ్యాప్ హామీగా ఉన్నది నియమంగా మారింది.

నియమం కాగితం దాటి మైదానంలోకి ఎప్పుడొస్తుందన్నదే అసలు ప్రశ్న. అట్టడుగు జట్టు నిజంగా కిందికి దిగిన మొదటి సీజనే దానికి జవాబు. ఆ రోజు ఐ-లీగ్‌లో జట్ల సంఖ్య తగ్గడం ఆగుతుంది. మూడు, నాలుగు స్థానాల్లో ఉన్న క్లబ్‌కు కూడా వచ్చే ఏడాది జీతాల బిల్లు సమర్థించుకునే కారణం దొరుకుతుంది. డెంపో లాంటి క్లబ్‌కు అది తెలుసు. మూడుసార్లు ఐ-లీగ్ గెలిచి, 2016లో జాతీయ లీగ్‌ను వదిలిన ఆ క్లబ్, కింది మెట్టయిన ఐ-లీగ్ 2 ఆడి, 2024-25లో సొంత ఆటతో ఐ-లీగ్‌కు తిరిగి ఎక్కింది.