పేపర్ ప్రకటనతో కూతురి వాటా పోతుందా?

దళిత యువకుణ్ణి పెళ్లాడిన కూతురితో ఇకపై తమకు సంబంధం లేదని, ఆస్తిలో ఆమెకు చిల్లిగవ్వ రాదని పేపర్లో ప్రకటన వేయించే తల్లిదండ్రులు ఉన్నారు. ఆ కటింగ్ చూసి తన హక్కు నిజంగానే పోయిందనుకునే ఆడపిల్లలు చదువుకున్నవాళ్లలో కూడా ఉన్నారు. అలాంటి ప్రకటనకు వారసత్వాన్ని రద్దు చేసే శక్తి ఏ చట్టమూ ఇవ్వలేదు.

అయితే ముందు ఒక చేదు విషయం చెప్పుకోవాలి. తండ్రి సొంత సంపాదనతో కొన్న ఇల్లు గానీ పొలం గానీ ఆయన స్వార్జితం. ఆయన బతికుండగా అందులో కూతురికే కాదు, కొడుక్కీ హక్కు లేదు. అమ్ముకోవచ్చు, ఒక్కరికే దాన సెటిల్‌మెంట్ రాయొచ్చు, వీలునామాలో కూతుర్ని పూర్తిగా తప్పించొచ్చు. పిత్రార్జిత ఉమ్మడి ఆస్తి సంగతి వేరు, అందులో 2005 సవరణతో కూతురికి కూడా పుట్టుకతోనే వాటా ఉంది. తాత నుంచి వచ్చిందల్లా పిత్రార్జితం అనుకోవడమూ పొరపాటే. తాత స్వార్జితం 1956 చట్టం 8వ సెక్షన్ కింద తండ్రికి వస్తే అది తండ్రి సొంత ఆస్తే అవుతుందని 1986లో చందర్ సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అసలు ప్రశ్న తండ్రి వీలునామా రాయకుండా చనిపోయినప్పుడు వస్తుంది. హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, తల్లి, కొడుకులు, కూతుళ్లు తలా ఒక సమాన వాటాకు హక్కుదారులు. తల్లి ముందే పోయి, భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉంటే కూతురిది నాలుగో వంతు. ఆమె ఏ కులంవాణ్ణి చేసుకుందన్న ప్రశ్న ఆ సెక్షన్లో ఎక్కడా లేదు. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద రిజిస్టర్ పెళ్లి చేసుకున్నా తండ్రి ఆస్తికి తండ్రికి వర్తించే చట్టమే.

క్రైస్తవంలోకి మారితే? కులం నుంచి వెలి అయినా, మతం మారినా వారసత్వం పోదని 1850 నాటి చట్టమే చెప్పింది. కానీ 26వ సెక్షన్ దగ్గర జాగ్రత్త. మతం మారాక పుట్టిన పిల్లలు, వారసత్వం తెరుచుకునే నాటికి హిందువులు కాకపోతే, హిందూ బంధువుల ఆస్తికి వారసులు కాలేరు. అంటే తాత కంటే ముందే తల్లి చనిపోతే ఆ పిల్లలకు తల్లి వాటా దక్కదు. (చట్టం లెక్కలో బౌద్ధులూ హిందువులే కాబట్టి బౌద్ధం తీసుకున్నవాళ్లకు ఈ చిక్కు లేదు.) తండ్రే క్రైస్తవుడైతే 1925 భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. భార్యకు మూడో వంతు, మిగతాది కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా.

మేము ఎక్కువగా హెచ్చరించేది సంతకాల గురించి. తండ్రి బతికుండగా 'నాకు వాటా వద్దు' అని రాయించుకున్న కాగితం మామూలుగా చెల్లదు, ఇంకా పుట్టని హక్కును వదులుకోవడం కుదరదు కాబట్టి. డబ్బు తీసుకుని రాసిస్తే మాత్రం కోర్టు దాన్ని ఆమెకు వ్యతిరేకంగా చూడొచ్చు. తండ్రి పోయాక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరయ్యే హక్కు విడుదల పత్రం అలా కాదు, దానితో వాటా పోతుంది. పాసుపుస్తకంలో అన్న పేరు ఎక్కినంత మాత్రాన భూమి అతనొక్కడిదే కాదు. వీలునామా ఉందని హఠాత్తుగా బయటపెడితే, ఇద్దరు సాక్షుల సంతకాలున్నాయో లేదో చూడాలి. రిజిస్టర్ కాలేదన్న ఒక్క కారణంతో అది చెల్లకుండా పోదు, కానీ నిజమైనదని నిరూపించాల్సింది దాన్ని తెచ్చినవాళ్లే.

'పరువు' పేరుతో భర్తను చంపేస్తే, అప్పటికి ఆమె గర్భవతి అయితే? 20వ సెక్షన్ ప్రకారం కడుపులో ఉన్న బిడ్డ ప్రాణంతో పుడితే, తండ్రి చనిపోయే నాటికే పుట్టినట్టు లెక్క. వీలునామా లేకపోతే అతని స్వార్జితం భార్యకు, బిడ్డకు, అతని తల్లికి సమానంగా వెళ్తుంది. అతని తండ్రికి ఆ మొదటి వరుసలో చోటు లేదు.