ఎవరిని పిలుస్తారు? ఎన్నిసార్లు పిలుస్తారు?



అమెరికా ఫెడరల్ కోర్టుల్లో ఒక నియమం ఉంది. రెండేళ్ళ కాలంలో ఏ పౌరుణ్ణీ విచారణ జ్యూరీ పనికి మొత్తం 30 రోజులకు మించి రప్పించకూడదు. చేతిలో ఉన్న కేసు ముగించాల్సి వస్తేనే ఆ హద్దు దాటొచ్చు. ఆ రెండేళ్ళలో ఒకే మనిషిని రెండు గ్రాండ్ జ్యూరీల్లో వేయకూడదు. గ్రాండ్ జ్యూరీలోనూ విచారణ జ్యూరీలోనూ కూడా వేయకూడదు. ఇది 1968లో వచ్చిన జ్యూరీ చట్టంలోది.

పని మానుకుని కోర్టుకు వెళ్ళేవాళ్ళకు ఇది వెసులుబాటు. నిజమే. కానీ చరిత్ర చదివేవాళ్ళు ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి. ఒక్కసారి కూడా పిలుపు రానివాళ్ళ సంగతేమిటి?

1968కి ముందు చాలా ఫెడరల్ కోర్టుల్లో 'కీ మ్యాన్' పద్ధతి నడిచేది. కోర్టు అధికారులు ఊళ్ళో పేరున్నవాళ్ళను పిలిచి, జ్యూరీకి తగినవాళ్ళ పేర్లు చెప్పమనేవారు. వాళ్ళు తమకు తెలిసినవాళ్ళ పేర్లు చెప్పేవారు. తెలుగు పాఠం చెప్పుకునే నాకు ఇక్కడ వెంటనే తట్టే మాట 'పెద్దమనిషి'. ఎవరు పెద్దమనిషో తేల్చేది ఇంకో పెద్దమనిషే.

కాగితం మీద హక్కు ఎప్పుడో వచ్చింది. రంగును బట్టి జ్యూరీకి అనర్హుల్ని చేయకూడదని 1875 పౌరహక్కుల చట్టం చెప్పింది. తెల్లవాళ్ళే జ్యూరీలో ఉండాలన్న వెస్ట్ వర్జీనియా చట్టాన్ని 1880లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత చట్టంలో 'తెల్లవాడు' అనే మాట అక్కర్లేకపోయింది. 'నిజాయితీపరుడు, తెలివైనవాడు, మంచిపేరున్నవాడు' అంటే సరిపోయింది.

1931లో అలబామాలోని స్కాట్స్‌బరోలో తొమ్మిదిమంది నల్లజాతి కుర్రాళ్ళ మీద అత్యాచారం కేసు పెట్టారు. తెల్లవాళ్ళ జ్యూరీలు ఎనిమిదిమందికి మరణశిక్ష వేశాయి. ఆ కౌంటీలో నల్లవాడు జ్యూరీలో కూర్చోగా చూసినవాళ్ళే లేరు. ప్రశ్నిస్తే, జాబితాలో నల్లవాళ్ళ పేర్లు కనిపించాయి. అవి అంతకుముందే గీసి ఉన్న ఎర్రగీతల మీద తర్వాత ఎక్కించిన పేర్లని నిపుణుడు చెప్పాడు. 1935లో ఆ పుస్తకాన్ని సుప్రీంకోర్టు జడ్జీలు భూతద్దం పెట్టి చూశారు. క్లారెన్స్ నోరిస్‌కు వేసిన శిక్షను రద్దు చేశారు.

ఇక కూలీలు. శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ కోర్టు జాబితాలో రోజుకూలీల పేర్లు కావాలనే వదిలేసేవారు. జ్యూరీ భత్యం రోజుకు 4 డాలర్లు, దానితో వాళ్ళకు గడవదని సాకు. 1946లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. ఇబ్బంది ఉన్నవాళ్ళను విడిగా మినహాయించవచ్చు, శ్రామికవర్గం మొత్తాన్నీ బయట పెట్టకూడదు. చూశారా, మన మీద జాలితో కూడా మనల్ని బయట ఉంచవచ్చు!

1955లో ఎమ్మెట్ టిల్ హంతకుల్ని గంటకు కాస్త పైగా కూర్చుని వదిలేసింది పన్నెండుమంది తెల్ల మగాళ్ళ జ్యూరీ. ఆ మిసిసిపీ కౌంటీ ఓటర్ల జాబితాలో నల్లవాళ్ళు లేరు. ఓటు లేనివాడికి జ్యూరీ లేదు.

1968 చట్టం ఫెడరల్ కోర్టుల్లో కీ మ్యాన్‌ను పక్కనపెట్టి ఓటర్ల జాబితా నుంచి లాటరీ పద్ధతిలో ఎంపిక తెచ్చింది. అంతటితో అయిపోలేదు. మిసిసిపీ రాష్ట్ర కోర్టుల్లో కర్టిస్ ఫ్లవర్స్‌ను ఆరుసార్లు విచారించారు. ప్రాసిక్యూషన్ తొలగించగలిగిన 42 మంది నల్లజాతి జ్యూరర్లలో 41 మందిని తొలగించింది. 2019లో సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. పిలిచి కూడా పంపేయవచ్చన్నమాట.

మనకు జ్యూరీ లేదు కదా అంటారా? 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో అది పోయింది. కానీ అదే కోడ్‌లో సెక్షన్ 100 తీసి చదవండి. సోదా చేసేటప్పుడు ఇద్దరు స్వతంత్రులైన, 'గౌరవనీయులైన' స్థానికుల్ని సాక్షులుగా పిలవాలి. కొత్త నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 103లోనూ ఆ మాట అలాగే ఉంది. వాళ్ళను ఎన్నిసార్లు పిలవాలో హద్దు లేదు. ఠాణా చుట్టూ తిరుగుతూ కేసు కేసుకీ సంతకం పెట్టేవాళ్ళకు కోర్టుల్లో 'స్టాక్ విట్నెస్' అని పేరే ఉంది.

లా చదివే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక పని. మీకు దొరికిన పంచనామాల్లో సాక్షుల పేర్లు చూడండి. మీ మండలంలో ఎవరు గౌరవనీయులో, ఎవరు ఎన్నిసార్లు గౌరవనీయులో లెక్క రాయండి. వాడ నుంచి ఎన్ని పేర్లున్నాయో కూడా రాయండి.

జై భీమ్.