ఫోటాన్ ద్రవ్యరాశి: ఒక భావన చరిత్ర

మన భౌతికశాస్త్ర పరిభాషలోని ‘ద్రవ్యరాశి’ అన్న పదం, ద్రవ్యపు పరిమాణమన్న న్యూటన్ నిర్వచనానికి సన్నిహితమైనది. అందువల్ల ఫోటాన్‌కు శక్తి ఉన్నది, ద్రవ్యవేగం ఉన్నది, ద్రవ్యరాశి మాత్రం సున్న అన్నప్పుడు విద్యార్థి సందేహపడడం సహజం. ఆ సందేహ నివృత్తికై కొందరు బోధకులు శక్తిని కాంతివేగ వర్గంతో భాగించి, అదే ఫోటాన్ ద్రవ్యరాశి అంటారు. ఈ రెండు సమాధానాలు రెండు వేర్వేరు నిర్వచనాలకు చెందినవి.

రెండవ సమాధానానికి మూలాలు పాతవి. 1900లో పోంకారే విద్యుదయస్కాంత శక్తిని ఒక కల్పిత ద్రవంగా ఊహించి, దానికి ఇదే నిష్పత్తిలో ద్రవ్యరాశిని ఆపాదించాడు. 1905లో ఐన్‌స్టీన్ చేసినది వేరు. నిశ్చలంగా ఉన్న వస్తువు రెండు వ్యతిరేక దిశలలో సమానంగా కాంతిని వెలువరిస్తే, అది నిశ్చలంగానే ఉంటుంది. కాని దాని ద్రవ్యరాశి తగ్గుతుంది. తగ్గిన ద్రవ్యరాశి ఎక్కడికి పోయింది? ఐన్‌స్టీన్ అక్కడ కాంతి కణాల ప్రస్తావన తేలేదు. వికిరణం జడత్వాన్ని ఒక వస్తువు నుంచి మరొక వస్తువుకు చేరవేస్తుందని మాత్రమే అన్నాడు.

1908లో మింకోవ్‌స్కీ దేశకాలాలను ఏకం చేసిన పిమ్మట ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానం సాధ్యమైంది. శక్తి వర్గం నుంచి, ద్రవ్యవేగ కాంతివేగాల లబ్ధపు వర్గాన్ని తీసివేయగా మిగిలేది పరిశీలకులందరికీ ఒకటే. ద్రవ్యరాశిని నిర్ణయించేది అదే. ఒక్క ఫోటాన్ విషయంలో ఆ రెండు పదాలు సమానం కనుక శేషం సున్న. కాని ఎదురెదురు దిశలలో పోయే రెండు సమాన ఫోటాన్ల మొత్తం ద్రవ్యవేగం సున్న, మొత్తం శక్తి సున్న కాదు; ఆ జంటకు ద్రవ్యరాశి ఉన్నది! వస్తువు కోల్పోయినది సరిగ్గా అంతే. భాగాల ద్రవ్యరాశులను కూడితే మొత్తం ద్రవ్యరాశి వస్తుందన్న న్యూటన్ కాలపు నమ్మకమే ఇక్కడ అడ్డువచ్చేది. ‘రాశి’ అన్న మాట ఆ నమ్మకాన్ని మనలో మరింత స్థిరపరుస్తుందని నా అభిప్రాయం.

వేగంతో పెరిగే ద్రవ్యరాశిని లూయిస్, టోల్మన్ 1909లో ప్రతిపాదించారు. ఆ సూత్రాన్ని కాంతికి వర్తింపజేస్తే లవమూ సున్న, హారమూ సున్న; అది ఏమీ చెప్పదు. 1923లో కాంప్టన్‌కు గాని, 1924లో ఢాకా నుంచి ప్లాంక్ నియమాన్ని కొత్తగా సాధించిన సత్యేంద్రనాథ్ బోస్‌కు గాని కావలసివచ్చినది కాంతి ద్రవ్యవేగమే. నిశ్చల ద్రవ్యరాశి తప్ప మరొక ద్రవ్యరాశి భావన ప్రవేశపెట్టకపోవడమే మేలని ఐన్‌స్టీన్ 1948లో ఒక లేఖలో సూచించాడు. అయినా పాఠ్యపుస్తకాలు పాత సూత్రాన్ని వదలలేదు; 1989లో ఓకున్ దానిపై ఘాటైన విమర్శ రాయవలసివచ్చింది.

ఆ సున్న సైతం ప్రత్యేక సాపేక్షతా సిద్ధాంతం విధించినది కాదు. సిద్ధాంతానికి కావలసినది మార్పులేని ఒక పరమ వేగం. కాంతి సరిగ్గా ఆ వేగంతోనే పోతున్నదా అన్నది ప్రయోగం తేల్చవలసిన విషయం. డి బ్రోయి 1920లలో కాంతి కణానికి అత్యల్ప ద్రవ్యరాశి ఉండవచ్చనే తలచాడు. సౌర పవనంలోని అయస్కాంత క్షేత్రాల పరిశీలనలు ఇప్పుడు దాని గరిష్ఠ పరిమితిని సుమారు 2 × 10⁻⁵⁴ కిలోగ్రాములకు దించాయి.