ఊగే ముల్లు చెప్పే నిజము

ఇల్లెందు నుండి కొత్తగూడెం పోవు దారిలో టేకులపల్లి యున్నది. 1889లో ఇల్లెందులో ఆరంభమైన బొగ్గు త్రవ్వకము కాలక్రమమున ఈ అడవి అంచులకు విస్తరించినది. కోయగూడెం ఉపరితల గని ఈ మండలములోనిదే. గని యున్నచోట నీటితో పోరు తప్పదు. ఊటనీరు, వాననీరు తోడిపోయనిదే బొగ్గు చేతికి రాదు. బురదతో, బొగ్గుపొడితో కూడిన అట్టి నీటిలో రెక్కలు తిరిగే మీటరు ఎక్కువకాలము మన్నదు. లోపల కదిలే భాగమేదియు లేని అయస్కాంత ఫ్లోమీటరు ఇటువంటి నీటికి తగినది. అయితే దాని సూచిక ఒక్కొక్కప్పుడు నిలకడ లేక ఊగుచుండును. ఆ ఊగులాటకు దాదాపు రెండువందల ఏండ్ల చరిత్ర కలదని మేము ఈ ప్రసంగమున చెప్పదలచితిమి.

అయస్కాంత క్షేత్రమునకు అడ్డముగా వాహకము కదలినచో అందులో విద్యుత్తు పుట్టునని మైకేల్ ఫారడే 1831లో కనుగొన్నాడు. ప్రవహించే నదియు వాహకమే గదా, భూమియు అయస్కాంతమే గదా అని తలచి, 1832 జనవరిలో లండనులోని వాటర్లూ వంతెనపై 960 అడుగుల రాగితీగ పరచి, దాని కొనలకు లోహపు పలకలు కట్టి థేమ్సు నదిలో దింపినాడు. గాల్వనోమీటరు ముల్లు కదలినది. కాని ఒక తీరున కదలలేదు. మూడు దినములు శ్రమించినను తృప్తికరమైన ఫలితము రాలేదు.

ఆయన కారణములను ఒక్కొక్కటిగా వెదకినాడు. నదికి ఇరువైపుల నీటి స్వచ్ఛత వేరు, వేడిమి వేరు. పలకలలో స్వల్ప భేదము, అతుకులో భేదము, తీగల కలయికలో లోపము. రాగి పలకలు తీసి ప్లాటినము పలకలు పెట్టి చూచినాడు. ముల్లు కదలినది గనుక సిద్ధాంతము రుజువైనదని చాటుకొనక, విఫలమైనదని రాజసంఘము ముందు ఒప్పుకొన్నాడు. ఆ నిజాయితీయే తరువాతివారికి దారి చూపినది. 1851లో ఇంగ్లీషు కాలువ అడుగున వేసిన తంతి కేబులులో సముద్రపు పోటుపాటులకు తగిన విద్యుత్తు కనబడినది.

ఇక గొట్టముల కథ. 1930లో విలియమ్సు గొట్టములో మైలుతుత్తపు ద్రావణమును పారించి, నిలుకడ అయస్కాంతముతో ప్రయోగము చేసినాడు. అయితే ఏకముఖ విద్యుత్తు వలన ఎలెక్ట్రోడుల మీద అయానులు పేరుకొని ఎదురు వోల్టేజి నిచ్చును. అలెగ్జాండరు కోలిన్ రక్తప్రవాహమును కొలుచుటకై, దిశ మారుచుండే క్షేత్రమును వాడి ఈ చిక్కును తగ్గించినాడు. 1950లలో ఈ మీటరు కర్మాగారములకు వచ్చినది. దిశ మారే క్షేత్రము తానే తీగలలో దొంగ వోల్టేజిని పుట్టించును గనుక, 1970లలో క్షేత్రమును విడతలుగా నిచ్చి, భేదమును తీసి లెక్కించు పద్ధతి వచ్చినది.

నేటి మెకానిక్కు చేయు పరీక్షలు ఫారడే జాబితాకు దగ్గరి చుట్టములే. మొదట గొట్టము నిండుగా పారుచున్నదా, గాలిబుడగలు కలియుచున్నవా చూడవలెను. పిదప గొట్టము నిండుగా నుండగనే రెండువైపుల వాల్వులు మూయవలెను. నీరు నిలిచినను సంకేతము ఊగినచో, తప్పు ప్రవాహములో లేదు. ఎర్తింగులోనో, ఎలెక్ట్రోడు మీది పాకులోనో, కేబులు తొడుగులోనో యుండును. రబ్బరు అస్తరు గల గొట్టమునకు, ప్లాస్టిక్కు గొట్టమునకు నీటిని తాకే ఎర్తు ఉంగరములు అవసరము. మీటరుకు ముందే రసాయనము కలిపినచో అది సరిగా కలియక నీటి వాహకత్వము క్షణక్షణము మారును. ఫారడే చూచిన ఇరువైపుల నీటి భేదము ఇదే. దానిని మీటరు తరువాత కలుపవలెను. ఉష్ణవిద్యుత్కేంద్రములలో బాయిలరుకు పంపు లవణరహిత జలమునకు వాహకత్వము చాలదు గనుక, అచట ఈ మీటరే పనికిరాదు.

ఇన్ని వెదకుటకు ఓపిక లేనివారికి ఒక సులభమార్గము కలదు: సంకేతమును చదునుచేయు కాలమును పెంచుట. అంకె వెంటనే శాంతించును. కాని లోపము అట్లే యుండును. పంపు గాలి పీల్చినను ఆలస్యముగా తెలియును. తరువాతి షిఫ్టుకు వచ్చు మనిషి ఆ నిశ్చలమైన అంకెను నమ్మి, తోడిన నీటిని లెక్క వ్రాసికొనును. గనిలో నీరు పెరుగుచున్నదో తగ్గుచున్నదో నిర్ణయించునది ఆ లెక్కయే. అడుగున పనిచేయువారి క్షేమము దానిపై ఆధారపడి యున్నది. పంపు కొట్టుకొనుట వలన నిజముగా ఊగే ప్రవాహమునకు కొంత చదును న్యాయమే. కారణము తెలియక ముందు చేసిన చదును మాత్రము ముల్లు నోరు మూయుటయే యగును. శ్రోతలు తమ పనిలో ఏ కొలమానము వాడినను, ముందు కారణము వెదకి, పిదపనే దానిని నిలుపుదురు గాక.