ముద్రల చరిత్ర – 5: చట్టం పోయిందా, ముద్ర పోయిందా?



ఏటా ఆగస్టు 31 దగ్గర పడుతుంటే నా ఫోన్‌కు రెండు రకాల పోస్టులు వస్తాయి. ఆ రోజును విముక్త జాతులవాళ్లు విముక్తి దినంగా జరుపుకుంటారు కదా, అందుకని.

మొదటి రకం ఇలా ఉంటుంది: బ్రిటిష్‌వాడు 1871లో ఒక్క కలంపోటుతో వందలాది కులాల్ని నేరస్థ జాతులుగా ప్రకటించాడు, ఆ చట్టం ఇప్పటికీ నడుస్తోంది, మీ కులం ఆ జాబితాలో ఉంది, వెంటనే షేర్ చేయండి. రెండో రకం: ఆ చట్టం 1952లోనే పోయింది, ఈ దేశంలో ప్రభుత్వం ఇప్పుడెవరికీ పుట్టుకను బట్టి నేరస్థుడనే ముద్ర వేయదు, ఇంకా దాని గురించి మాట్లాడేవాళ్లకు వేరే పని లేదు.

మొదటిదాన్ని మనవాళ్లు కోపంతో షేర్ చేస్తారు. రెండోదాన్ని మన నోరు మూయించాలనుకునేవాళ్లు షేర్ చేస్తారు. విద్యార్థులు నన్ను అడుగుతున్నారు, "అన్నా, ఇందులో ఏది నిజం?" అని. నా జవాబు: రెండూ కాగితం ముందు నిలబడవు. ఎందుకు నిలబడవో చూద్దాం.

ముందు 1871 చట్టాన్నే తీసుకోండి. అందులో ఏ కులం పేరూ లేదు, ఏ తెగ పేరూ లేదు. ఫలానా తెగ, ముఠా లేదా వర్గం నేరాలకు అలవాటు పడిందని స్థానిక ప్రభుత్వం నివేదిక పంపాలి. గవర్నర్ జనరల్ అనుమతి తీసుకుని నోటిఫికేషన్ ఇవ్వాలి. అలా ఒక్కో ప్రాంతంలో, ఒక్కో ఏడాది, ఒక్కో నోటిఫికేషన్‌తో ముద్ర పడుతూ వచ్చింది. చట్టం పేరులోనే నేరుగా కనిపించే వాళ్లు మరొకరున్నారు. వాళ్లు హిజ్రాలు. ఆ చట్టం రెండో భాగం వాళ్ల పేర్లు, ఆస్తులు నమోదు చేయడానికే. మన పోస్టుల్లో ఈ సంగతి చాలా అరుదుగా కనిపిస్తుంది.

ఒక్క కలంపోటు కాకపోతే తీవ్రత తగ్గిందా? లేదు, పెరిగింది. ఒకసారి నోటిఫికేషన్ వచ్చాక అది తప్పని ఏ కోర్టులోనూ ప్రశ్నించడానికి వీల్లేదని చట్టమే రాసుకుంది. కలెక్టరు చేతిలో కాగితం, పోలీసు చేతిలో రిజిస్టరు ఉన్నాయి. మనిషికి మాత్రం అప్పీలు లేదు.

ఈ చట్టం ప్రవేశపెట్టిన న్యాయ సభ్యుడి పేరు చాలా పోస్టుల్లో టి.వి. స్టీఫెన్స్ అని కనబడుతుంది. అప్పుడు వైస్రాయి కౌన్సిల్‌లో న్యాయ సభ్యుడు జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. పేరే తప్పుగా ఉన్న పోస్టులో మిగతావి ఎంత జాగ్రత్తగా రాసి ఉంటారో మీరే ఊహించండి.

ఇక మన ప్రాంతం. 1871 చట్టం మొదట ఉత్తర భారతానికే. మద్రాసు ప్రెసిడెన్సీకి అది 1911 చట్టంతోనే వచ్చింది. కాబట్టి కోస్తాలో, రాయలసీమలో ఎరుకలవాళ్ల మీద 1871 నుంచే ఈ చట్టం నడిచిందని రాస్తే తప్పు. అంతకు ముందు ఎరుకలవాళ్లు ఏం చేసేవాళ్లు? గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తీరం నుంచి లోపలి ఊళ్లకు తిరిగే వ్యాపారం చేసేవాళ్లు. రైలు పట్టాలు పడ్డాయి. ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది. ఆ బతుకుదెరువు పోయింది. బతుకుదెరువు లాక్కున్న రాజ్యమే, తిరిగే మనిషిని దొంగ అంది.

1911 తర్వాత సెటిల్మెంట్లు వచ్చాయి. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్మెంటుకు మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. అదే స్టువర్టుపురం. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ మరొకటి నడిపింది. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే పాసు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేసే అధికారం కూడా చట్టంలో ఉంది. స్టువర్టుపురం జనం చీరాల పొగాకు కంపెనీకి కూలీలయ్యారు. సంస్కరణ అని పేరు పెట్టిన చోట చవక కూలీ తయారైంది. ఆ ఊరి పేరు మీద సినిమాలు వచ్చాయి. 1991లో ఒకటి కాదు, రెండు. 2023లోనూ వచ్చింది. తెరమీద దొంగ కనిపించినంతగా హాజరు పుస్తకం కనిపించదు.

ఇప్పుడు రెండో పోస్టు సంగతి. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లోనే రద్దయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. రద్దు చేయాలని సిఫారసు చేసిన కమిటీకి అధ్యక్షుడు తిరుపతి ప్రాంతం మనిషి, అనంతశయనం అయ్యంగార్. ఇంతవరకు రెండో పోస్టు చెప్పింది నిజమే.

కానీ మద్రాసు ప్రభుత్వం 1948లోనే అలవాటుపడ్డ నేరస్థుల చట్టం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1962లో తన చట్టం చేసుకుంది. కులం పేరు తీసేసి వ్యక్తి పేరు రాశారు. ఇది చిన్న తేడా కాదు, ఒప్పుకుందాం. అయితే నిన్నటిదాకా ఆ పేటనే దొంగల పేట అన్న పోలీసు స్టేషనే ఇవాళ అనుమానితుల పేర్లు రాస్తుంది. ఈ చట్టాల్ని రద్దు చేయమని 2007లో ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ భారత ప్రభుత్వాన్ని కోరింది.

జైలు నియమాలు ఇంకా నిలువెత్తు సాక్ష్యం. 2024 అక్టోబర్ 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు తీర్పు చదవండి. రాష్ట్రాల జైలు మాన్యువళ్లలో కులాన్ని బట్టి వంట, పాకీ పని పంచే నియమాలు ఉన్నాయని కోర్టు ముందు తేలింది. సంచార తెగలవాళ్లకు పారిపోయే స్వభావం ఉంటుందన్న అర్థం వచ్చే నియమం పశ్చిమ బెంగాల్ పుస్తకంలో ఉంది. పరిశీలించిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 1952లో చచ్చిపోయిందన్న ముద్ర 72 ఏళ్ల తర్వాత జైలు పుస్తకంలో ఊపిరి పీలుస్తోంది! కోర్టు ఆ నియమాల్ని కొట్టేసి, ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. అదే ఏడాది మే నెలలో మరో తీర్పులో, అణగారిన వర్గాల్లో పుట్టినందుకే అమాయకుల పేర్లు హిస్టరీ షీట్లకు ఎక్కకుండా చూడమని రాష్ట్రాలకు చెప్పింది.

ఆ విజయం ఎలా వచ్చిందో గమనించండి. సుకన్య శాంత జర్నలిస్టు. జైళ్లలో కులం నడుస్తోందని ఊరికే అనలేదు. ఏ రాష్ట్రం, ఏ మాన్యువల్, ఏ నియమం అని పుస్తకాలు తెరిచి చూపించింది. చట్టం ఇంకా అమల్లో ఉందనే మొదటి పోస్టును పట్టుకుని వెళ్లి ఉంటే మొదటి వాయిదాలోనే ప్రభుత్వ వకీలు 1952 రద్దు కాగితం చూపించి ఇంటికి పంపేవాడు. మన తప్పు పోస్టు వాళ్ల రెండో పోస్టుకు బలమవుతుంది. నష్టపోయేది షేర్ చేసినవాళ్లు కాదు, రాత్రిపూట పోలీసు తలుపు కొట్టే ఇంట్లోవాళ్లు.

కాబట్టి ప్రభుత్వం ఫలానావాళ్లకు ముద్ర వేసిందని ఎక్కడ చదివినా ఈ నాలుగు అడగండి. ఏ చట్టం, ఏ జీవో, ఏ నియమం? ఏ ప్రాంతంలో, ఏ ఏడాది నుంచి? రద్దయిందా, రద్దయితే దాని స్థానంలో ఏమొచ్చింది? ఆ గడి ఇప్పుడు ఏ ఆఫీసులో, ఏ రిజిస్టర్లో ఉంది? ప్రభుత్వం ముద్ర లేదని చెప్పినప్పుడూ ఇవే నాలుగు అడగండి. సర్కారు ప్రకటనకు మినహాయింపు లేదు.

లా చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకొక పని. సమాచార హక్కు చట్టం కింద రెండు రాష్ట్రాల జైళ్ల శాఖలకు దరఖాస్తు పెట్టండి. 2024 తీర్పు తర్వాత ఏ నియమాలు మార్చారు, ఏ తేదీన మార్చారు, కులం గడి తీసేసిన రిజిస్టరు నమూనా ఇవ్వండి అని అడగండి. వచ్చిన జవాబును, రాకపోతే రాలేదన్న సంగతిని, తేదీతో సహా పోస్టు చేయండి. దాన్ని నేను షేర్ చేస్తాను.

వచ్చే భాగంలో హిస్టరీ షీట్, రౌడీ షీట్ గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.