నల్లరేగడిలో దిగులు మందు

డిప్రెషన్‌కు వాడే మందు గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెలకు చేరేనాటికే అక్కడి ఇళ్ళల్లో వేరే మందులు స్థిరపడి ఉన్నాయి. ముందు క్షయ మందులు, తర్వాత బీపీ, షుగర్ బిళ్ళలు, ఏడాది పొడుగునా నొప్పుల మాత్రలు, 2004 తర్వాత హెచ్ఐవీ మందులు. అందుకే ఈ పత్తి, మిరప నేలల్లో దిగులు మందు చీటీ చేతికొచ్చిన మనిషికి పుట్టే మొదటి గుబులు ఒకటే: ఇప్పటికే మింగుతున్నవాటితో ఇది పడుతుందా, పడదా? దీన్ని చాదస్తమని కొట్టిపారేసిన వైద్యులు తక్కువేమీ కాదు. మందుల చరిత్ర తిరగేస్తే మాత్రం ఆ గుబులుకు గట్టి ఆధారాలే కనిపిస్తాయి.

ఇక్కడ మందంటేనే పథ్యంతో ముడిపడిన వ్యవహారం. నాటువైద్యుడు పొట్లం కట్టి ఇస్తూనే వంకాయ, గోంగూర, చేపలు మానాలని చెప్పేవాడు. పథ్యం చెప్పని వైద్యుడి మీద గురి కుదిరేది కాదు. లూథరన్ మిషన్ డాక్టరు అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి, 1898లో ఆసుపత్రి తెరిచింది. గుంటూరు వైద్య కళాశాల 1946లో మొదలైంది. ఈ కొత్త వైద్యంలో చాలా మందులకు పథ్యం లేదు, అన్నీ తినొచ్చు. మనసు జబ్బుకు మాత్రం చాలాకాలం దగ్గర్లో దారి లేదు. జబ్బు ముదిరితే విశాఖలోని మానసిక చికిత్సాలయానికి పంపేవారు. ముదరని దిగులును జబ్బుగా లెక్కవేసినవాళ్ళే అరుదు.

దిగులుకు మొదటి మాత్ర పుట్టింది క్షయ వార్డులో. 1952 ప్రాంతంలో న్యూయార్క్ స్టాటెన్ ఐలండ్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయ రోగులకు ఐప్రోనియజిడ్ అనే మందు ఇచ్చి చూశారు. మంచం పట్టినవాళ్ళు లేచి తిరగడం, ఆకలి పెరగడం, నవ్వుతూ ఉండటం వైద్యుల కంటబడింది. మెదడులో ఉత్సాహాన్నిచ్చే రసాయనాలను విరగ్గొట్టే ఎంజైమును ఆ మందు అడ్డుకుంటోందని తేలింది. 1957లో నేథన్ క్లైన్ దాన్ని దిగులు మందుగా ముందుకు తెచ్చాడు. కామెర్లు వస్తున్నాయని 1961లో అమెరికాలో ఆపేశారు. దాని చుట్టమైన ఐసోనియజిడ్ మాత్రం క్షయ చికిత్సలో ఇప్పటికీ ఉంది. క్షయ రోగులను శానిటోరియంలో ఉంచడమే పద్ధతిగా ఉన్న ఆ రోజుల్లో, ఇంటిదగ్గరే మాత్రలు వేసుకున్నా అంతే బాగా తగ్గుతుందని 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన నిరూపించింది. మాత్రలు శానిటోరియం గోడలు దాటి ఇంటి గూట్లోకి చేరాయి. గుంటూరు జిల్లాలో మంగళగిరి శానిటోరియం ఆ పాత పద్ధతికి గుర్తుగా మిగిలింది. ఆ స్థలంలోనే ఇప్పుడు ఎయిమ్స్ నడుస్తోంది.

పథ్యం అక్కర్లేదన్న వైద్యానికి పథ్యం చెప్పించినవి కూడా ఈ తొలి దిగులు మందులే. ఐప్రోనియజిడ్ జాతి మందులు వాడుతున్నవాళ్ళకు జున్ను (చీజ్) తినగానే భరించలేని తలనొప్పి వచ్చి, బీపీ అమాంతం పెరిగిపోతోందని నాటింగ్‌హామ్‌లో ఒక ఫార్మసిస్టు తన భార్య విషయంలో గమనించి లండన్ వైద్యుడు బారీ బ్లాక్‌వెల్‌కు ఉత్తరం రాశాడు. నవ్వి ఊరుకున్నవాళ్ళు ఉన్నారు. 1963లో బ్లాక్‌వెల్ దాన్ని నిజమని చూపించాడు. నిలవచేసి పులియబెట్టిన జున్నులోని టైరమిన్ దానికి కారణం. 1984లో న్యూయార్క్‌లో లిబ్బీ జయాన్ అనే 18 ఏళ్ళ అమ్మాయి ఈ జాతి మందే వాడుతూ ఆసుపత్రిలో పెథిడిన్ ఇంజెక్షన్ పడ్డాక చనిపోవడంతో ఒక మందు మీద ఇంకో మందు చేసే పని లోకం దృష్టికొచ్చింది.

బీపీ మందుల కథ తిరగబడిన కథ. సర్పగంధి వేరును ఈ దేశంలో ఎప్పటినుంచో వాడుతున్నారు. దానితో బీపీ తగ్గుతుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ పత్రికలో రాశాడు. 1952లో దాన్నుంచి రెసెర్పిన్ తీశారు. రెసెర్పిన్ కలిసిన అడెల్ఫేన్ మాత్ర మన బీపీ రోగుల్లో దశాబ్దాలపాటు నడిచింది. దాన్ని వేసుకునేవాళ్ళలో కొందరు దిగులులో పడుతున్నారని 1950లలోనే వార్తలొచ్చాయి. రెసెర్పిన్ పాత్రను అప్పట్లో ఎక్కువచేసి చెప్పారని తర్వాతి పరిశీలకులు అన్నారు గాని, దిగులుకు మెదడు రసాయనాలతో ముడిపెట్టే వాదానికి పునాదుల్లో ఒకటి అక్కడే పడింది. 1957 నాటి ఇమిప్రమిన్, దాని వెనకే వచ్చిన అమిట్రిప్టిలిన్ కూడా బీపీ రోగులకు చిక్కే తెచ్చాయి. ఆర్కమిన్ పేరుతో ఇక్కడ బాగా తెలిసిన క్లోనిడిన్ పనిని అవి దెబ్బతీస్తాయి. దిగులు తగ్గించబోతే అదుపులో ఉన్న బీపీ ఎగబాకేది.

1987-88 ఈ ప్రాంతానికి చెడ్డ ఏడు. 1980లలో విరివిగా వచ్చిన సింథటిక్ పైరెత్రాయిడ్ మందులను పత్తి మీద మోతాదు మించి కొట్టడంతో తెల్లదోమ అదుపు తప్పింది. అప్పుచేసి పంట పెట్టిన గుంటూరు, ప్రకాశం రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. పత్తి రైతుల బలవన్మరణాలు పెద్ద ఎత్తున వార్తలకెక్కడం అప్పటినుంచే. చర్చంతా పురుగుమందు, అప్పు, కౌలు, గిట్టుబాటు ధర చుట్టూ తిరిగింది. తిరగాల్సిందే. ఆ ఇళ్ళల్లో దిగులుకు వైద్యం ఉందన్న మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. యాదృచ్ఛికమే గాని, 1987 డిసెంబర్ 29నే అమెరికాలో ఫ్లూఆక్సెటిన్‌కు అనుమతి వచ్చింది. జున్ను భయం, గుండె మీద పాత మందులంత భారం లేని కొత్త తరహా మందు అది.

ఆ మందుతో గుంటూరు గడ్డకు ఇంకో సంబంధం ఉంది. తాడేపల్లి పసుపు రైతు కొడుకు కల్లం అంజిరెడ్డి గుంటూరు ఏసీ కాలేజీలో చదివి, 1984లో హైదరాబాదులో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. 1970 నాటి పేటెంట్ చట్టం మందు తయారీ పద్ధతికే తప్ప మందుకు పేటెంట్ ఇవ్వకపోవడం ఇలాంటి కంపెనీలకు ఊపిరి పోసింది. 2001 ఆగస్టులో ఆ కంపెనీ 40 మిల్లీగ్రాముల ఫ్లూఆక్సెటిన్ గొట్టాలను 180 రోజుల ప్రత్యేక హక్కుతో అమెరికాలో అమ్మింది. భారతీయ కంపెనీకి అలాంటి హక్కు దక్కడం అదే మొదలు. మన పల్లెల్లో మాత్రం ఆ గొట్టాన్ని ఇంకా పిచ్చి మందు అంటూనే ఉన్నారు.

ఈలోగా హెచ్ఐవీ వచ్చింది. 2004-05లో గుంటూరు జిల్లాలో ఇంటింటికీ తిరిగి రక్తపరీక్షలు చేసిన అధ్యయనంలో 15-49 ఏళ్ళవారిలో 1.72 శాతం మందికి వైరస్ ఉన్నట్టు తేలింది. 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టింది. క్షయ కూడా ఉన్నవాళ్ళకు ఎక్కువగా ఇచ్చిన ఎఫావిరెంజ్ రాత్రి వేసుకుంటే కొందరికి తల తిరిగేది, పీడకలలు వచ్చేవి, మనసు కుంగేది. ఆ కుంగుబాటు జబ్బుదా, బిళ్ళదా, ఊళ్ళోవాళ్ళ చూపుదా అని తేల్చడం తేలిక కాదు. తేల్చకుండా దిగులు మందు మొదలుపెడితే ఇంకో సమస్య. ఎఫావిరెంజ్, క్షయ మందు రిఫాంపిసిన్ రెండూ కాలేయాన్ని తొందరపెట్టి సెర్‌ట్రలిన్ వంటి దిగులు మందులను త్వరగా కరిగించేస్తాయి. మందు పనిచేయడం లేదని రోగి మానేస్తాడు. తర్వాత వచ్చిన డోలుటెగ్రావిర్‌తో ఈ తంటా తగ్గింది గాని, అది షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ పాళ్ళను ఒంట్లో పెంచుతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా లెక్కలోకి రానిది నొప్పుల మాత్ర. మిరప కోతలప్పుడు రోజంతా వంగి కాయ కోసే ఆడవాళ్ళు సాయంత్రం ఆర్ఎంపీ దగ్గరో మందుల షాపులోనో నాలుగు మాత్రలు తెచ్చుకుంటారు. షాపువాడు అట్టను కత్తెరతో కత్తిరించి ఇస్తాడు. మందు పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. గుంటూరులో డాక్టరు "ఇంకేమన్నా వాడుతున్నావామ్మా?" అనడిగితే వచ్చే జవాబు "ఏం లేదండీ, బీపీ బిళ్ళ ఒకటే." నొప్పుల మాత్రను మందుగా ఎవరూ లెక్కవేయరు. ఆ ముక్కలో డైక్లోఫెనాక్ ఉంటే, ఫ్లూఆక్సెటిన్ జాతి మందుతో కలిసి కడుపులో రక్తస్రావమయ్యే అవకాశం పెరుగుతుంది. ట్రమడాల్ ఉంటే మూర్ఛ రావచ్చు, సెరటోనిన్ మితిమీరి చెమటలు, వణుకు, విరేచనాలు, జ్వరం పట్టుకోవచ్చు. పురుగుమందు కొట్టి వచ్చిన కూలీలోనూ చెమట, వణుకు, విరేచనాలు కనిపిస్తాయి కాబట్టి, ఏ మందు వల్ల వచ్చిందో పోల్చుకోవడం వైద్యుడికీ కష్టమే.

ఎండ కూడా ఈ లెక్కలో ఒకటి. అమిట్రిప్టిలిన్ చెమటను తగ్గిస్తుంది. రాష్ట్రంలో ఎండలకు పేరుమోసిన రెంటచింతల చుట్టుపక్కల మే నెలలో పొలం పని చేసేవాడికి అది ఏమాత్రం మంచిది కాదు. బీపీకి మూత్రం ఎక్కువగా పోయించే మాత్ర వాడే ముసలివాళ్ళకు కొత్త తరం దిగులు మందు తోడైతే ఒంట్లో ఉప్పు పడిపోయి మాట తడబడుతుంది. ఇంట్లోవాళ్ళు దాన్ని ముసలితనమో, పక్షవాతమో అనుకుంటారు. ఫ్లూఆక్సెటిన్‌తో బీపీ మందు మెటోప్రొలాల్ కలిస్తే గుండె వేగం మరీ తగ్గవచ్చు. ఇవన్నీ ముందే తెలిస్తే మందు మార్చో, మోతాదు తగ్గించో, రక్తపరీక్ష చేయించో తప్పించుకోగలిగినవే. సెర్‌ట్రలిన్, ఎస్సిటలోప్రామ్‌లను ఇతర మందులతో తగువులు తక్కువని ఎక్కువగా రాస్తున్నారు. వాటికీ హద్దులున్నాయి. ఎస్సిటలోప్రామ్ మాతృక సిటలోప్రామ్ మోతాదు పెరిగితే గుండె లయ తప్పుతుందని 2011లో అమెరికా హెచ్చరించింది.

తూకంలో రెండో పళ్ళెం కూడా ఉంది. ఈ మందు గుణం తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. వికారం, నిద్రలేమి వంటి ఇబ్బందులు మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. అందుకే చాలామంది గుణం చూడకముందే "పడలేదు" అని ఆపేస్తారు. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపినవాళ్ళకు తలతిరుగుడు, చిరాకు రావచ్చు. పాతికేళ్ళలోపు వాళ్ళకు మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చన్న హెచ్చరిక 2007 నుంచీ ఉంది, కనుక ఆ రోజుల్లో ఇంట్లోవాళ్ళు కనిపెట్టుకుని ఉండాలి. మరోవైపు, దిగులును అలాగే వదిలేస్తే మనిషి షుగర్ బిళ్ళ, క్షయ మందు కూడా సరిగ్గా వేసుకోడు. మొండి క్షయకు ఇప్పుడు ఇచ్చే లినెజోలిడ్‌లో పాత ఐప్రోనియజిడ్ గుణం కొంచెం ఉంది. దాన్ని మొదలుపెట్టే ముందు దిగులు మందు సంగతి చూడాలి. ఫ్లూఆక్సెటిన్ అయితే ఆపిన ఐదు వారాలదాకా ఒంట్లో ఉంటుంది.

1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైనప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో తొలి అవకాశం మెదక్‌కు దక్కింది. 2022 అక్టోబర్ నుంచి టెలీ మానస్ ఫోన్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడవచ్చు. బీపీ, షుగర్ బిళ్ళలు 104 వాహనంలో ఊళ్ళోకే వస్తాయి, హెచ్ఐవీ మందు ఏఆర్‌టీ కేంద్రంలో, దిగులు మందు పెద్దాసుపత్రిలో ఇస్తారు. ఒక్కోచోట ఒక్కో పుస్తకం, ఒక్కో కార్డు. 2021లో వచ్చిన ఆభా ఆరోగ్య గుర్తింపు నంబరుతో ఈ చీటీలన్నీ ఒకచోటికి చేర్చే వీలుంది. ఆర్ఎంపీ ఇచ్చిన మాత్రలు అందులో ఎక్కవు కాబట్టి, ఇంట్లో ఉన్న మందుల సంచీని యథాతథంగా డాక్టరు బల్లమీద గుమ్మరించి చూపించడమే ఇప్పటికీ ఎక్కువ అక్కరకొస్తోంది.