కాంతి గుడారం

కాంతి గుడారం లేదా లైట్ టెంట్ అనగా బొమ్మలు, ప్రతిమలు, నాణేల వంటి చిన్న వస్తువులను గాఢమైన నీడలు, మెరుపు మచ్చలు లేకుండా ఛాయాచిత్రం తీయుటకు ఉపయోగించే పెట్టె వంటి సాధనం. దీనిని ఇంటిలో లభించే అట్టపెట్టె, తెల్లని వస్త్రం, సాధారణ ఎల్.ఇ.డి. బల్బులతో స్వల్ప వ్యయంతో తయారు చేసుకొనవచ్చును. బొమ్మలు సేకరించువారికి, తమ పనితనాన్ని అంతర్జాలంలో విక్రయించే హస్తకళాకారులకు ఇది మిక్కిలి ఉపయోగకరం. చిత్రంలో కనిపించిన రంగు, చేతికి అందిన బొమ్మ రంగు వేరైనచో కొనుగోలుదారు వస్తువును తిప్పి పంపే అవకాశం ఉంది.

పనిచేయు విధానం

నీడ యొక్క గాఢత కాంతి జనకం పరిమాణంపై ఆధారపడి ఉంటుంది. వస్తువుతో పోల్చినపుడు కాంతి జనకం చిన్నదైన కొలదీ నీడ అంచు పదునుగాను, పెద్దదైన కొలదీ మృదువుగాను ఉంటుంది. ఎండలో నీడ స్పష్టంగా ఉండి, మబ్బు పట్టిన రోజున నీడ చెదిరిపోవుటకు ఇదే కారణం. బల్బు ముందు పలుచని తెల్లని వస్త్రం ఉంచినపుడు ఆ వస్త్రమంతయూ వెలుగుతూ పెద్ద కాంతి జనకంగా మారుతుంది.

కావలసిన వస్తువులు

* సుమారు 45 సెం.మీ. పొడవు, వెడల్పు, ఎత్తు గల అట్టపెట్టె (20 సెం.మీ. వరకు ఎత్తు గల బొమ్మలకు)
* తెల్లని మల్లు గుడ్డ లేదా ట్రేసింగ్ పేపరు
* మెరుపు లేని తెల్లని డ్రాయింగు చార్టు
* ఒకే రకమైన 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బులు రెండు లేదా మూడు
* థర్మోకోల్ పలక, కత్తెర, అతుకు టేపు

తయారీ

పెట్టె ముందు భాగాన్ని తెరచి ఉంచవలెను. రెండు ప్రక్కలు, పైభాగంలో 5 సెం.మీ. అంచు వదలి అట్టను కోసి, ఆ కిటికీలకు గుడ్డను బిగువుగా అంటించవలెను. చార్టును వెనుక గోడ పైనుండి అడుగు వరకు మడత పడకుండా వంపుగా పరచవలెను. దీనివలన నేలకు, గోడకు మధ్య గీత కనిపించదు. బల్బులను గుడ్డకు సుమారు 30 సెం.మీ. దూరంలో అమర్చవలెను. మరీ దగ్గరగా ఉంచిన యెడల గుడ్డపై చిన్న వెలుగు మచ్చ మాత్రమే ఏర్పడి నీడ మరల గాఢమవుతుంది.

చిత్రీకరణ

గదిలోని ఇతర దీపాలను ఆర్పి, కిటికీలు మూయవలెను. పసుపు ఛాయ గల బల్బులు సుమారు 2700 కెల్విన్, పగటి వెలుగును పోలిన బల్బులు సుమారు 6500 కెల్విన్ వర్ణోష్ణత కలిగి ఉంటాయి. ఈ రెండింటినీ కలిపిన యెడల బొమ్మకు ఒకవైపు పసుపు, మరొకవైపు నీలి ఛాయ వస్తుంది. కెమేరా దృశ్యాన్ని మధ్యస్థ బూడిద వర్ణంగా భావించి కాంతిని లెక్కించుటచే తెల్లని నేపథ్యం మసకగా వస్తుంది. అందుచేత ఎక్స్‌పోజరును ఒక మెట్టు పెంచవలెను. కెమేరాను స్టాండుపై ఉంచి, ఐ.ఎస్.ఓ. 100, ఎఫ్/8 లేదా ఎఫ్/11 వద్ద తీసిన యెడల బొమ్మ ముందు నుండి వెనుక వరకు స్పష్టంగా ఉంటుంది. స్టాండు లేనివారు పుస్తకాల దొంతరను వాడవచ్చును. కొన్ని చవక బల్బుల రెపరెప వలన చిత్రంలో చారలు పడును. 50 హెర్ట్‌జ్ విద్యుత్తు గల మన దేశంలో సెకనులో 50వ లేదా 25వ వంతు షట్టరు వేగం వాడిన యెడల ఇవి తగ్గును.

బొమ్మలను బట్టి మార్పులు

తెల్ల పొణికి కర్రతో చేసే కొండపల్లి బొమ్మలలో చెక్కడపు లోతు ముఖ్యం. అన్నివైపులా సమానమైన వెలుగు పడినచో అంబారీ ఏనుగు సైతం చదునుగా కనిపిస్తుంది. ఒక బల్బును తొలగించి, ఆ వైపున థర్మోకోల్ పలక నిలిపిన యెడల లేత నీడతో రూపం తేరుతుంది. అంకుడు కర్రపై లక్క పూసిన ఏటికొప్పాక బొమ్మలు నునుపైనవి. పరిసరాలు వాటిపై ప్రతిబింబిస్తాయి. తెల్లని నేపథ్యంలో వీటి అంచులు కలిసిపోకుండా, చిత్రంలో కనిపించనంత ఎడంగా ఇరువైపులా నల్లని కాగితపు పట్టీలు నిలుపవలెను.

జాగ్రత్తలు

హాలోజన్, ఫిలమెంటు బల్బులు మిక్కిలి వేడెక్కుతాయి. కాగితం, గుడ్డ, థర్మోకోల్ మూడును మండే స్వభావం కలవే కనుక వాటిని వాడరాదు. ఎల్.ఇ.డి. బల్బులను సైతం గుడ్డకు తగలనీయరాదు. పని ముగిసిన వెంటనే ఆర్పవలెను.

ఇవి కూడా చూడండి

* కొండపల్లి బొమ్మలు
* ఏటికొప్పాక బొమ్మలు
* ఛాయాచిత్రకళ